స్టీరింగు పట్టుకున్న చేతులు: పాత రేసింగ్ కార్లను ఫోటో తీయడం గురించి

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం.

తెర మీద మీరు చూస్తున్న ఫోటో నేను తీసినదే, కాని ఇది చెడ్డ ఫోటో. కారు 1950ల నాటి మసెరాటి 250ఎఫ్. హువాన్ మాన్యువల్ ఫాంజియో 1957లో ప్రపంచ ఛాంపియన్ అయినది ఈ రకం కారులోనే. చోటు ఇంగ్లండులో చిచెస్టర్ పట్టణానికి దగ్గరగా ఉన్న గుడ్‌వుడ్ ట్రాక్. ఎరుపు రంగు చక్కగా వచ్చింది, చక్రంలోని ఒక్కొక్క స్పోకునూ లెక్కపెట్టవచ్చు, ఫోకస్‌లో తప్పులేదు. ఇంత చేసినా, ఎవరో ఆదివారం పూట కారు కడిగి ఎండలో ఆరబెట్టినట్టుంది. నేను షట్టర్ వేగాన్ని సెకనులో 2000వ వంతుకు పెట్టాను. కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుంటే, ఆ కాస్త సమయంలో అది కదిలింది రెండు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ మాత్రమే. కళ్లెదుట నేల అదిరేలా పోయిన కారును నేనే తీసుకువచ్చి షెడ్డులో నిలబెట్టినట్టయింది. ఆ తప్పును దిద్దుకోవడంలో నేను నేర్చుకున్నదే ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది.

ముందుగా ఆ చోటు గురించి రెండు మాటలు. గుడ్‌వుడ్ ట్రాక్ మొదట రేసుల కోసం కట్టినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది వెస్ట్‌హాంప్‌నెట్ అనే వైమానిక స్థావరం. విమానాలు రన్‌వే చేరడానికి స్థావరం చుట్టూ వేసిన రోడ్డే యుద్ధం తరువాత రేస్ ట్రాక్ అయింది. అక్కడ మొదటి పోటీ 1948 సెప్టెంబరు 18న జరిగింది. 1966లో పోటీలు ఆగిపోయాయి. మొదటి పోటీ జరిగిన సరిగ్గా యాభై ఏళ్లకు, 1998 సెప్టెంబరు 18న, ‘రివైవల్’ పేరుతో మళ్లీ మొదలైనప్పుడు, ఆ పాత కాలంలో పరుగెత్తిన కార్లనే తెచ్చి అదే దారి మీద పోటీకి దించారు. సుమారు 3.8 కిలోమీటర్ల ఆ చుట్టు ఆకారం దాదాపుగా మారలేదు. మనవాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలో ఉన్న షోలవరం కూడా యుద్ధకాలపు విమానాల మైదానమే. దాని మీద దశాబ్దాల పాటు కార్ల పోటీలు జరిగాయి, వాటిని చూడడానికి మన సరిహద్దు జిల్లాల నుంచి బస్సెక్కి వెళ్లినవారు ఈ సభలో కూడా ఉండవచ్చు.

ఇక అసలు విషయం. ఇప్పటి ఫార్ములా వన్ కారును ఫోటో తీస్తే మనకు దక్కేది ప్రకటనలు అంటించిన ఒక పెంకు, దాని మధ్యలో శిరస్త్రాణం పైభాగం. 2018 నుంచి తల చుట్టూ ‘హేలో’ అనే రక్షణ చట్రం కూడా తప్పనిసరి అయింది. అది ప్రాణాలు కాపాడింది కనుక దాన్ని నిందించే ఉద్దేశం నాకు లేదు. ఫోటోలో మాత్రం మనిషి మాయమయ్యాడు. 1930ల నాటి కారులోనైతే డ్రైవరు నడుము దగ్గర నుంచి పైకంతా బయటే ఉంటాడు. పెద్ద స్టీరింగు చక్రం అతని ఛాతీకి దాదాపు ఆనుకుని ఉంటుంది. మోచేయి కారు అంచు దాటి గాలిలోకి వస్తుంది. మలుపులో అతని భుజం ఎటు వాలింది, మెడ ఎంత బిగిసింది, పెదవి కరుచుకున్నాడా అన్నది కూడా లెన్స్‌కు అందుతుంది. పాత కార్ల దగ్గరకు ఫోటోగ్రాఫరు ఎందుకు పోవాలి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: అక్కడ ఒక మనిషి పని చేయడం కనిపిస్తుంది.

ఆ పనికి కారణం చాలావరకు టైర్లలోనే ఉంది. అప్పటి సన్నని క్రాస్‌ప్లై టైరు (లోపలి దారపు పొరలను ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా పేర్చి చేసినది) పట్టు ఒక్కసారిగా తెగిపోదు, కొంచెం కొంచెంగా జారుతూ వదులుతుంది. అందువల్ల మలుపులో కారు ముక్కు ఒక దిక్కుకు చూస్తుంటే కారు మొత్తం ఇంకొక దిక్కుకు జారుతూ ఉంటుంది, ముందు చక్రాలు ఒక్కొక్కసారి మలుపుకు ఎదురుగా తిరిగి కనిపిస్తాయి. డ్రైవరు స్టీరింగును ఒక చోట పట్టి ఉంచడు, క్షణక్షణం సరిదిద్దుతూనే ఉంటాడు. దీన్ని పట్టుకోవాలంటే కారు నేరుగా దూసుకుపోయే దారి పక్కన నిలబడితే లాభం లేదు. మలుపు మధ్య భాగం దాటి, డ్రైవరు మళ్లీ యాక్సిలరేటర్ తొక్కడం మొదలుపెట్టే చోటు కనిపించేలా నిలబడాలి. గుడ్‌వుడ్‌లో సెయింట్ మేరీస్ అనే మలుపు ఉంది. 1962 ఏప్రిల్ 23న బ్రిటిష్ డ్రైవరు స్టిర్లింగ్ మాస్ కారు ప్రమాదానికి గురైంది అక్కడే. ప్రాణం దక్కింది కాని, అగ్రశ్రేణి పోటీలు అతనికి అంతటితో ముగిశాయి. ఆ ప్రాంతంలో గట్టు మీద నిలబడినప్పుడల్లా నేను కెమెరా కంటే ముందు కళ్లకు పని చెబుతాను. పది కార్లు పోయేదాకా ఊరికే చూస్తాను.

ఇప్పుడు ప్యానింగ్ గురించి. కారుతో పాటు కెమెరాను తిప్పుతూ, తక్కువ షట్టర్ వేగంతో తీయడం మీ అందరికీ తెలిసినదే. కాని ఎంత తక్కువ వేగం అన్నదానికి గుడ్డి సూత్రం కాకుండా చక్రాన్నే అడగడం మంచిది. టైరు అడ్డుకొలత సుమారు 65 సెంటీమీటర్లు అనుకుంటే, గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు 22 సార్లు తిరుగుతుంది. సెకనులో 1000వ వంతులో అది తిరిగేది ఎనిమిది డిగ్రీలు మాత్రమే కనుక స్పోకులు కొంచెం చెదిరి ఆగిపోయినట్టే ఉంటాయి. 125వ వంతులో అరవై డిగ్రీలు దాటుతుంది, స్పోకులు కరిగి ఒక వెలుగు పళ్లెంలా మారతాయి. 60వ వంతులో 130 డిగ్రీల దాకా పోతుంది, వెనకనున్న జనం, గడ్డి, కంచె అన్నీ అడ్డగీతలైపోతాయి. నేను ఎక్కువగా ఈ రెండింటి మధ్యనే ఉంటాను. 30వ వంతుకు దిగితే నూరు ఫోటోలలో నాలుగైదు దక్కడం కూడా నాకు గొప్పే. అయితే మధ్యాహ్నపు ఎండలో, కనిష్ఠ ఐఎస్ఓ మీద, అంటే సెన్సర్ కాంతికి అతి తక్కువగా స్పందించేలా పెట్టినా, 60వ వంతు అంటే ఎపర్చర్‌ను, అంటే లెన్స్ రంధ్రాన్ని, ఎఫ్/16 దాటి మూయవలసి వస్తుంది. అప్పుడు సెన్సర్ మీది ప్రతి దుమ్ము కణమూ ఆకాశంలో మచ్చై కూర్చుంటుంది. కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు జేబులో ఉంచుకోండి.

ప్యానింగ్‌లో కొత్తవారిని కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. కెమెరా చక్కగా తిప్పినా కారు ముక్కు స్పష్టంగా వచ్చి తోక చెదరడం, లేదా తోక వచ్చి ముక్కు పోవడం జరుగుతుంది. చేయి వణికిందనుకుని బాధపడతారు. కారణం జ్యామితిలోనే ఉంది. కారు తిన్నని దారిలో మన ముందు నుంచి పోతున్నప్పుడు దాని ముక్కు, నడుము, తోక మన దృష్టికి ఒకే కోణీయ వేగంతో కదలవు, పైగా కారు మనకు చూపించే పక్క కూడా మారుతూ ఉంటుంది. కనుక ఏదో ఒక బిందువు మాత్రమే నిలుస్తుంది, మిగిలినవి చెదరక తప్పదు. మనం మలుపు లోపలి వైపు, దాదాపు దాని కేంద్రంలో నిలబడగలిగితే కారు మన చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది, అప్పుడు మొత్తం స్పష్టంగా వస్తుంది. అటువంటి చోటు ప్రేక్షకులకు దొరకడం అరుదు. కనుక ఏ బిందువును నిలపాలో ముందే తేల్చుకోవాలి. చాలామంది కారు మీది అంకెను ఎంచుకుంటారు. నేను డ్రైవరు గాగుల్స్‌ను ఎంచుకుంటాను. ముక్కు చెదిరితే చెదరనివ్వండి. కళ్లు, చేతులు నిలిస్తే చూసేవారు మిగతాదాన్ని క్షమిస్తారు.

చెదరడం కూడా మేలు చేయగలదనడానికి ఫోటోగ్రఫీ చరిత్రలోనే గొప్ప సాక్ష్యం ఉంది. ఫ్రాన్సులో జాక్ ఆన్రీ లార్తీగ్ అనే యువకుడు, ఇరవై ఏళ్లు నిండకముందే, గ్రాండ్ ప్రీ పోటీలో దూసుకుపోతున్న కారును కెమెరా తిప్పుతూ తీశాడు. చాలాకాలం దానికి 1912 అని తేదీ వేశారు, తరువాతి పరిశోధకులు 1913 అని తేల్చారు. అందులో కారు సగమే ఉంది, ముందు భాగం ఫోటో అంచు దాటిపోయింది. వెనక చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకు వాలింది, గట్టు మీది జనమేమో వెనక్కి వాలారు. అతని కెమెరా షట్టర్‌లోని చీలిక ఫలకం మీద నిలువుగా మెల్లగా కదలడం వల్ల, చిత్రంలోని ఒక్కొక్క అడ్డవరుస ఒక్కొక్క క్షణంలో నమోదైంది. కెమెరా తిరిగిన వేగం కారు వేగాన్ని అందుకోలేదు కనుక కారు ఒక వైపు, తిరుగుతున్న కెమెరాకు నిలబడిన జనం మరొక వైపు వాలిపోయారు. ఈ రోజు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలలో, చిత్రాన్ని వరుస వెంట వరుసగా నమోదు చేసే ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుని చక్రాలు వంకరపోయాయని విసుక్కునేవారికి ఇదే జరుగుతున్నది. నూరేళ్ల కిందటి జబ్బు కొత్త ఒంట్లో మళ్లీ పుట్టింది. పాత కార్ల దగ్గర ఆ వంకరను ఒకసారి కావాలని ప్రయత్నించండి, లేదంటే మెకానికల్ షట్టర్‌కు మారిపోండి.

డ్రైవరు ముఖమే ముఖ్యమన్న మాట నా సొంత ఊహ కాదు. 1912లో హార్బిన్‌లో పుట్టి బ్రిటన్‌లో పనిచేసిన లూయీ క్లెమాంటాస్కీ దానికే జీవితమిచ్చాడు. అతను తానే ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో పోటీ చేసినవాడు, అందువల్ల చక్రం ఎప్పుడు పట్టు వదులుతుందో వేలి చివరకు ముందే తెలిసేది. 1957లో ఇటలీలో జరిగిన చివరి మిల్లె మిలియా పోటీలో పీటర్ కాలిన్స్ నడిపిన ఫెరారీలో పక్క సీటులో కూర్చుని దారంతా ఫోటోలు తీశాడు. పోటీలో ముందున్న ఆ కారు ఆఖరికి యంత్రం చెడి మధ్యలోనే ఆగింది. ఆ ఫోటోలలో తడిసిన రోడ్డు మీద కాలిన్స్ చేతులను చూసిన తరువాతే నేను నా లెన్స్‌ను ఎక్కడికి గురిపెట్టాలో తెలుసుకున్నాను.

ట్రాక్ నుంచి ప్యాడక్‌లోకి, అంటే కార్లను సిద్ధం చేసే ఆవరణలోకి వద్దాం. రివైవల్ ప్యాడక్‌లోకి పోవాలంటే ఆ కాలపు వేషం వేసుకోవాలి, మగవారికి కోటు, టై ఉండాలి. ఉన్ని కోటు తొడుక్కుని మెడలో తెల్లని టెలిఫోటో లెన్స్ వేలాడేసుకున్న నన్ను చూసి నా భార్య పెళ్లివారి బ్యాండు మేళం గుర్తొచ్చిందన్నది. అక్కడ అడుగుపెట్టగానే తెలుగువాడికి ఒక తెలిసిన వాసన తగులుతుంది. ఆముదం! పాత రేసింగ్ ఇంజన్లలో ఆముదంతో చేసిన నూనె వాడేవారు, ఇప్పటికీ కొందరు వాడతారు. క్యాస్ట్రాల్ అన్న పేరు ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరులో నుంచే వచ్చింది. వేడికి పలచబడిపోకుండా లోహానికి అంటిపెట్టుకునే గుణం దానికి ఉంది, పెట్రోలుతో సులువుగా కలిసిపోదు కూడా. నల్లగొండ, పాలమూరు మెట్ట చేలల్లో ఆముదపు చెట్ల మధ్య పెరిగినవారెవరైనా ఆ పొగలో నిలబడితే ఒక్క క్షణం ఇంటి దీపం గుర్తుకురాక మానదు. వాసనను ఫోటో తీయలేము, పొగను తీయగలం. ఇంజను మొదట వెలిగించే వేళ, వెనక నుంచి ఎండ పడుతున్నప్పుడు, ఆ నీలిపొగ గొట్టం చివర రెండు మూడు సెకన్లు నిలుస్తుంది. మెకానిక్ ఇంజను తిప్పడానికి వంగినప్పుడే సిద్ధంగా ఉండాలి.

ప్యాడక్‌లో నేను పెట్టుకున్న మరొక పని ఉంది, అందులో అందం తక్కువ, ప్రయోజనం ఎక్కువ. పాత రేసింగ్ కారు ఒక్క ముక్కగా మిగలదు. ఇంజను ఒకసారి మారుతుంది, ప్రమాదం తరువాత పైరేకు మారుతుంది, చట్రం అతుకులు పడుతుంది. ఏది అసలు కారు, ఏది దాని పోలికలో తయారైనది అన్న తగాదాలు కోట్ల రూపాయల మీద నడుస్తాయి. ఫెరారీ 250 జీటీఓ అనే రకం కార్లు మొత్తం 36 మాత్రమే తయారయ్యాయంటే, అసలుదానికి అంత విలువ ఎందుకో మీకు అర్థమవుతుంది. అటువంటి తగాదాలలో పాత ఫోటోలు సాక్ష్యమవుతాయి. బానెట్ మీది గాలి చీలికలు ఎన్ని, రివెట్ల వరుస ఎక్కడ వంగింది, ఇంధనపు మూత ఏ పక్కన ఉంది అన్నవి చూసి పునరుద్ధరించేవారు నిర్ణయాలు చేస్తారు. కనుక ప్రతి కారుకూ నేను ఎదురుగా, రెండు పక్కలా, వెనక నుంచి నాలుగు ఫోటోలు ఏ హంగూ లేకుండా తీసి, తేదీతో దాచిపెడతాను. నేటి ఫోటో రేపటివారికి పాత ఫోటోయే కదా.

ఈ సందర్భంలోనే రంగు గురించి నా మొండి అభిప్రాయం చెప్పాలి. పాత కారు అనగానే ఫోటోను గోధుమరంగులోకి మార్చి, గీతలు గరుకు కలిపి, 1935లో తీసినట్టు చేసే అలవాటు బాగా పాకింది. నాకది నచ్చదు. ఆ కాలంలో కారు రంగే దాని దేశం. ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకు నీలం, బ్రిటన్‌కు ఆకుపచ్చ, జర్మనీకి మొదట తెలుపు, 1930ల మధ్య నుంచి వెండి. సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజకుమారుడు బీరా తన ఈఆర్ఏ కారుకు వేయించిన లేత నీలం ఈనాటికీ అతని పేరుతోనే చెలామణీ అవుతున్నది. ఇంగ్లండులోని బోర్న్ అనే చిన్న ఊరిలో తయారైన ఆ ఈఆర్ఏ కార్లు ఇప్పటికీ పోటీలలో గట్టిగా పరుగెత్తుతున్నాయి. ఆ నీలాన్ని గోధుమరంగు చేస్తే మిగిలేదేమిటి? పైగా పాత ఫలకాలకు ఎరుపు కనిపించేదే కాదు, అందుకే అప్పటి ఎన్నో చిత్రాలలో ఇటలీ కార్లు నల్లగా వచ్చాయి. అదంతా వారి చేతిలో లేని లోపం. దాన్ని మనం అలంకారంగా పెట్టుకోవడం ఎందుకు? వెనకాల ఎవరో సెల్‌ఫోను ఎత్తి పట్టుకున్నా నేను చెరపను. ఆ కారు ఈ కాలంలో, ఈ జనం ముందు పరుగెత్తింది.

కొత్తగా మొదలుపెట్టేవారికి గుడ్‌వుడ్ కంటే కొండ ఎక్కే పోటీలు తేలిక. ఇంగ్లండులో షెల్స్‌లీ వాల్ష్ అనే చోట 1905 నుంచి, దాదాపు 914 మీటర్ల అదే దారిలో ఈ పోటీ జరుగుతున్నది. కార్లు ఒక్కొక్కటిగా వెళతాయి, అందువల్ల ఒకటి తప్పిపోతే మరొకటి వస్తుంది, గందరగోళం ఉండదు. అక్కడ కొన్ని కార్లకు వెనక పక్క జంట చక్రాలు బిగిస్తారు. బయలుదేరే గీత దగ్గర అవి రోడ్డును గోకుతూ పొగ లేపే క్షణం నాకు రేసు మొత్తం కంటే ఇష్టం. ఎక్కడ నిలబడినా కారు వచ్చే దిక్కుకు వీపు పెట్టి కెమెరా తెరలో ఫోటోలు చూసుకోకండి, జెండా పట్టుకున్న మార్షల్ చెప్పిన మాటకు ఎదురు చెప్పకండి. 1955లో ఫ్రాన్సులోని లే మాన్స్ రేసులో కారు జనంలోకి దూసుకుపోయి ఎనభై మందికి పైగా చనిపోయారు. కంచెలు ఉన్నది అందుకే.

చివరి ఫోటో ఇది. శుక్రవారం సాయంత్రం, వెలుగు తగ్గుతున్న వేళ రేసు ముగించుకుని కారు ప్యాడక్‌లోకి వచ్చి ఆగింది. డ్రైవరు అరవై దాటిన మనిషి. గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తాడు. ముఖమంతా నూనె, రోడ్డు ధూళి అంటుకుని, కళ్ల చుట్టూ మాత్రం రెండు తెల్లని గుండ్రాలు మిగిలాయి. చేతి తొడుగులు విప్పిన తరువాత కూడా వేళ్లు స్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి, కాసేపటిదాకా చాచలేకపోయాడు. షట్టర్ వేగం 125వ వంతు. ఇందులో కారు కనిపించేది ఎడమ పక్క కొద్దిగా, ఆ ఎర్రని అంచు మాత్రమే. అది మొదటి ఫోటోలోని మసెరాటి కాదు, మీలో ఎవరైనా ఆ అంచును చూసి ఏ కారో చెప్పగలరేమో ప్రయత్నించండి.