పదకొండు మంది దొరకని ఊళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

1934 సెప్టెంబర్ 26న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, హెబ్రాన్ అనే చిన్న ఊళ్లో హైస్కూలు పిల్లలు ఫుట్‌బాల్ ఆడారు. ఫుట్‌బాల్ అంటే మనకు కాలితో తన్నే ఆట గుర్తొస్తుంది గానీ అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వేరు. బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తాలి, అడ్డొచ్చినవాళ్లను తప్పించుకుంటూ అవతలి గీత దాటాలి. మైదానంలో జట్టుకు పదకొండు మంది ఉండాలి. హెబ్రాన్‌లో ఆ రోజు మాత్రం ఆరుగురే దిగారు. ఆ ఆరుగురూ ఒకే బడి పిల్లలు కూడా కారు. ఒకవైపు హెబ్రాన్, చెస్టర్ ఊళ్ల పిల్లలు కలిసి ఒక జట్టు. ఎదుటివైపు హార్డీ, బెల్విడియర్ ఊళ్ల పిల్లలు కలిసి ఇంకో జట్టు. ఆట 19-19తో సమానంగా ముగిసింది.

ఈ ఆరుగురి ఆటను తయారుచేసింది స్టీఫెన్ ఎప్లర్. చెస్టర్ హైస్కూల్లో టీచరు, వయసులో అప్పటికింకా కుర్రాడే. అమెరికా అంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి. పల్లెటూరి హైస్కూలంటే అన్ని తరగతులూ కలిపి నలభై, యాభై మంది. అందులో సగం ఆడపిల్లలు. మిగిలిన మగపిల్లల్లో పొలం పనికి పోయేవాళ్లు పోగా పదకొండు మందిని నిలబెట్టడం, దెబ్బ తగిలితే బదులు దించడానికి ఇంకొందరిని సిద్ధంగా పెట్టడం కుదిరే పని కాదు. ఎప్లర్ పిల్లల లెక్కను ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని, ఆట కొలతలు మార్చాడు. ఆయనే తర్వాత ఓరెగాన్‌లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం ఒక కాలేజీ మొదలుపెట్టాడు. అదే ఇవాళ్టి పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ.

ఈ ఆట నిబంధనలు కాస్త దగ్గరగా చూడదగ్గవి. మామూలు మైదానం 100 గజాల పొడవు, 53 గజాల వెడల్పు ఉంటే, ఆరుగురి ఆటకు 80 గజాలు, 40 గజాలు. పదకొండు మంది ఆటలో ముందు వరసలో నిలబడే భారీ పిల్లలకు ఎదుటివాణ్ణి ఆపడమే పని. పాస్ అందుకునే హక్కు వాళ్లకు లేదు. సీజనంతా బంతి చేతికి రాకుండానే గడిచిపోవచ్చు. ఆరుగురి ఆటలో అందరూ పాస్ అందుకోవచ్చు, అందరూ స్కోరు చేయవచ్చు. బంతిని గోలు కర్రల మధ్య నుంచి తన్నితే మామూలు ఆటలో మూడు పాయింట్లు, ఇక్కడ నాలుగు. తన్నేవాడికి అడ్డుగా నిలిచేది మరీ కొద్దిమంది కాబట్టి ఆ పని కష్టం, అందుకే ఒక పాయింటు ఎక్కువ. ఆట సగమయ్యాక ఎప్పుడైనా సరే ఒక జట్టు 45 పాయింట్ల ఆధిక్యంలోకి వెళ్తే అక్కడితో ఆపేస్తారు. ఓడుతున్న పిల్లలను ఇంకా నలగ్గొట్టడం దేనికి? నాకు ఈ నిబంధన చాలా నచ్చింది.

ఈ ఆట టెక్సస్‌లో ఇప్పటికీ బాగా నడుస్తోంది. అక్కడ 105 మంది కంటే తక్కువ విద్యార్థులున్న ప్రభుత్వ హైస్కూళ్లు ఆరుగురి ఫుట్‌బాల్ ఆడతాయి. అమెరికాలో హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా, మన ఇంటర్ కూడా కలిపి నాలుగు తరగతులు. నాలుగు తరగతులకూ కలిపి నూట అయిదు మంది కూడా లేని బడులన్నమాట. రాష్ట్ర ఫైనల్స్ మాత్రం డిసెంబర్‌లో, ఆర్లింగ్టన్‌లోని డాలస్ కౌబాయ్స్ స్టేడియంలో జరుగుతాయి. 80 వేల మంది పట్టే స్టేడియం అది. ఊళ్లో ఉన్నవాళ్లందరూ తరలివచ్చినా ఒక మూల కూడా నిండదు. అయినా సరే, పెద్ద బడుల పిల్లలు ఆడే చోటే వీళ్లూ ఆడతారు.

మరి మొదటి ఆట ఆడిన ఆ నాలుగు ఊళ్లూ ఏమయ్యాయి? హెబ్రాన్ ఉన్న థేయర్ కౌంటీలో 1930లో 13 వేలకు పైగా జనం ఉండేవారు. 2020 లెక్కల నాటికి 5 వేలే మిగిలారు. ట్రాక్టర్లొచ్చాయి, కోత యంత్రాలొచ్చాయి. పది కుటుంబాలు చేసుకునే సేద్యం ఒక కుటుంబం చేతికొచ్చింది. ఆ ఒక్క కుటుంబంలోనూ పిల్లలు ఇద్దరే. ఇప్పుడు హెబ్రాన్‌లో ఉన్న హైస్కూలు పేరు థేయర్ సెంట్రల్. ఏ ఊరి పేరూ పెట్టకుండా కౌంటీ పేరు పెట్టుకున్నారు. చెస్టర్‌కు సొంత హైస్కూలు లేదు.

దేశమంతటా ఇదే కథ. 1939-40లో అమెరికాలో 1,17,000 స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలు, ఉండేవి. ఇప్పుడు 13 వేల పైచిలుకే ఉన్నాయి. అయోవాలో అవోకా అనే ఊరి బడి పేరు ఏహెచ్ఎస్‌టీడబ్ల్యూ. అవోకా, హాంకాక్, షెల్బీ, టెనంట్, వాల్‌నట్ అనే అయిదు ఊళ్ల మొదటి అక్షరాలవి. 2016లో వాల్‌నట్ వచ్చి కలిశాక చివరి అక్షరం చేరింది. స్కోరుబోర్డు మీద చూసేవాళ్లకు అదేదో కంపెనీ పేరులా ఉండొచ్చు. ఆ ఊళ్లవాళ్లకు మాత్రం తమ అక్షరం అందులో ఉండటం ముఖ్యం.

బడి మూతపడకుండా జట్టు మాత్రమే కలపడం ఇంకో పద్ధతి. దీన్ని అక్కడ కో-ఆప్ అంటారు. చదువు ఎవరి ఊళ్లో వాళ్లది, ఆట ఒకచోట. చెప్పడానికి తేలిగ్గానే ఉంది. రెండు ఊళ్ల పెద్దలూ మాట్లాడుకోవడానికి కూర్చుంటే గంటలు గడిచిపోతాయి. జట్టుకు ఎవరి పేరు ముందు? జెర్సీ ఏ రంగు? సొంత మైదానంలో ఆడే ఆటలు ఏ ఊళ్లో ఎన్ని? ఉన్న ఇద్దరు కోచ్‌లలో హెడ్ కోచ్ ఎవరు? అవతలి ఊరి పిల్లలను రోజూ ప్రాక్టీసుకు తీసుకొచ్చే బస్సు డీజిల్ ఎవరు పోయించాలి? ప్రాక్టీసు అయ్యాక రాత్రి వాళ్లను దింపేదెవరు? కారు లేని, అమ్మానాన్నలిద్దరూ షిఫ్టు డ్యూటీలు చేసే ఇంటి పిల్లాడు ఈ చివరి ప్రశ్న దగ్గరే ఆట మానేస్తాడు. రంగుల గురించి గంటసేపు వాదించుకున్న పెద్దలు ఈ ప్రశ్నకు అయిదు నిమిషాలు కూడా ఇవ్వకపోతే ఆ కలయిక ఎవరి కోసమో నాకు అర్థం కాదు.

దీనికి తోడు లెక్కల చిక్కొకటి. పోటీల కోసం బడులను విద్యార్థుల సంఖ్యను బట్టి తరగతులుగా విడగొడతారు. చాలా రాష్ట్రాల్లో జట్లు కలిస్తే రెండు బడుల విద్యార్థుల సంఖ్యనూ కూడేస్తారు. ఒక బడిలో 70 మంది, ఇంకో బడిలో 60 మంది ఉన్నారనుకుందాం. అక్కడ ఎనిమిది మంది ఆటగాళ్లు, ఇక్కడ నలుగురు. కలిస్తే ఆటగాళ్లు పన్నెండు మందే, కాగితం మీద మాత్రం 130 మంది విద్యార్థులున్న బడి. హద్దు నూరు దగ్గరో నూట ఇరవై దగ్గరో ఉంటే వీళ్లు పై పోటీ తరగతిలో పడతారు. విడిగా ఉంటే జట్టు నిలవదు, కలిస్తే తమకంటే బాగా పెద్ద బడులతో తలపడాలి. లెక్కకు తీసుకోవాల్సింది బడిలో పేరున్న పిల్లలనా, మైదానంలోకి వచ్చే పిల్లలనా? వచ్చే పిల్లలనే లెక్కపెట్టాలంటాను నేను.

ఇక పోటీ బృందాల పునర్విభజన సంగతి. టెక్సస్‌లో ఈ వ్యవహారం చూసేది 1910లో మొదలైన యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. అందరూ యూఐఎల్ అంటారు. విద్యార్థుల సంఖ్యను బట్టి బడులను వన్ ఏ నుంచి సిక్స్ ఏ దాకా ఆరు తరగతులు చేస్తుంది. తరగతిలో మళ్లీ కొన్ని కొన్ని బడులను గుంపులుగా చేసి, మీరు మీరు ఆడుకోండి అంటుంది. రెండేళ్లకోసారి ఈ గీతలన్నీ చెరిపేసి మళ్లీ గీస్తారు. అక్టోబర్‌లో పిల్లల లెక్క పంపాలి, ఫిబ్రవరి మొదట్లో ఫలితం చెబుతారు. ఆ పొద్దున రాష్ట్రమంతా కోచ్‌లు ప్రాంతీయ విద్యా కేంద్రాలకు చేరుకుంటారు. కాగితం చేతికందగానే ఎవరితో పడ్డాం, ఎంత దూరం పోవాలి అని చూసుకుంటారు. గుంపు బయటి ఆటలకు తేదీలు దొరకబుచ్చుకోవాలని అక్కడికక్కడే ఫోన్లు మొదలవుతాయి. ఎంత టెన్షనో!

టెన్షన్ ఎందుకంటే, కొత్త గీత పడితే పది మైళ్ల అవతలి పాత ప్రత్యర్థి వేరే గుంపులోకి పోవచ్చు. ఏళ్ల తరబడి ఆ ఒక్క ఆటకు వచ్చే జనం, టికెట్లు, తినుబండారాల కొట్టు మీద వచ్చే డబ్బు, అన్నీ దానితో పోతాయి. దూరం సంగతి వేరే చెప్పాలా? పశ్చిమ టెక్సస్‌లో ఎల్ పాసో దాటితే టెక్సస్‌లోనే తర్వాతి పెద్ద ఊళ్లు ఒడెస్సా, మిడ్‌లాండ్. మిడ్‌లాండ్‌కు 480 కిలోమీటర్ల పైనే. ఫుట్‌బాల్ వారానికి ఒక్కటే, అదీ శుక్రవారం రాత్రి కాబట్టి సర్దుకోవచ్చు. బాస్కెట్‌బాల్ మంగళవారం కూడా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక బస్సు దిగిన అమ్మాయి బుధవారం ఉదయం క్లాసులో కూర్చోవాలి.

తరగతులుగా విడగొట్టడమే తప్పు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఇండియానా రాష్ట్రాన్ని చూపిస్తారు. అక్కడ హైస్కూల్ బాస్కెట్‌బాల్‌లో 1997 దాకా చిన్నా పెద్దా అందరికీ ఒకటే టోర్నమెంటు. 1954లో 161 మంది విద్యార్థులున్న మిలన్ అనే పల్లెటూరి బడి ఫైనల్‌కు వచ్చింది. ఎదురుగా మన్సీ సెంట్రల్, చాలా పెద్ద బడి. చివరి క్వార్టర్‌లో బాబీ ప్లంప్ అనే కుర్రాడు బంతిని పట్టుకుని నాలుగు నిమిషాలకు పైగా కదలకుండా నిలబడ్డాడు. అప్పట్లో నిర్ణీత సమయంలో బంతి వేయాలన్న నిబంధన లేదు. ఆఖరి క్షణాల్లో అతనే బంతి వేశాడు, 32-30తో మిలన్ గెలిచింది. అమెరికాలో ఇప్పటికీ చెప్పుకునే ఆట అది. 1997-98 నుంచి ఇండియానా నాలుగు తరగతులు పెట్టినప్పుడు చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు, ఇక ఇంకో మిలన్ పుట్టదని.

వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ 1954 టోర్నమెంటులో ఆడినవి 751 బడులు. గెలిచిన ఒక్క చిన్న బడి అందరికీ గుర్తుంది. మొదటి రోజే పెద్ద బడి చేతిలో చిత్తయి ఇంటికి పోయిన వందలాది చిన్న బడుల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? తరగతులు పెట్టడం న్యాయమే.

ఇదంతా పల్లెల గొడవే అనుకోకండి. ఇండియానాలోనే గేరీ అనే ఉక్కు నగరం ఉంది. 1960లో 1,78,000 జనాభా. ఉక్కు ఉద్యోగాలు పోయాయి, తెల్లవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. 2020 నాటికి 69 వేలే మిగిలారు. 1955లో రాష్ట్ర ఫైనల్ ఆడిన గేరీ రూజ్‌వెల్ట్ నల్లజాతి పిల్లల బడి. అది 2020లో శాశ్వతంగా మూతపడింది. మరోపక్క దేశం మొత్తం మీద హైస్కూల్ ఆటల్లో చేరేవాళ్ల లెక్క 2023-24లో మొదటిసారి 80 లక్షలు దాటింది. పిల్లలు తగ్గలేదు, పెరిగే శివార్లలో పోగయ్యారు.

ఆ శివార్లలోనే మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. డాలస్‌కు ఉత్తరాన ఆలెన్ ఉంది, దాని దగ్గర్లోనే ఫ్రిస్కో ఉంది. ఆలెన్ ఊరు మొత్తానికి ఒకే పెద్ద హైస్కూలు చాలనుకుంది. వేలమంది విద్యార్థులు, ఒకే బ్యాండు, ఒకే ఫుట్‌బాల్ జట్టు. 2012లో 6 కోట్ల డాలర్లతో 18 వేల మంది పట్టే స్టేడియం కట్టింది. ఫ్రిస్కో దీనికి పూర్తిగా భిన్నంగా ఆలోచించింది. బడి మరీ పెద్దదైతే ఎక్కువమంది పిల్లలకు చోటు దొరకదని, పరిమిత సైజులో బడులు కట్టుకుంటూ పోయి పన్నెండు హైస్కూళ్లు చేసింది. బాస్కెట్‌బాల్ ప్రధాన జట్టులో పదిహేను మంది ఉంటారనుకుంటే, ఆలెన్‌లో అబ్బాయిలకు పదిహేను చోట్లు, ఫ్రిస్కోలో 180. ఎత్తు తక్కువైనా, చిన్నప్పుడు ప్రైవేటు కోచింగ్‌కు పోకపోయినా, తొమ్మిదో తరగతిలో ఆట మీద మనసు పడ్డ మన పిల్లకు ఎక్కడ చోటు దొరుకుతుందో చెప్పనక్కర్లేదు. స్టేడియం చూసి మురిసిపోవడం సహజమే. నన్నడిగితే ఫ్రిస్కో లెక్కకే నా ఓటు.

ఇప్పుడు ఫ్రిస్కోలో కూడా పిల్లల సంఖ్య తగ్గుతోంది. ఇళ్ల ధరలు పెరిగాయి, చిన్న పిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి పోతున్నాయి. 2025లో అక్కడ స్టేలీ మిడిల్ స్కూల్‌ను మూసేశారు. రేపు ఎప్పుడైనా హైస్కూళ్లను కలపాలన్న మాట వస్తే ఖర్చెంత మిగులుతుంది, బడి రేటింగ్ ఎలా ఉంటుంది, పిల్లల ర్యాంకు ఏమవుతుంది అన్న ప్రశ్నలు మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ సీటు క్లాసు ర్యాంకు మీద ఆధారపడుతుంది కాబట్టి అడగాల్సిందే. ఆ మైకు చేతిలో ఉండగానే ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగమని నా విన్నపం: ఈ కలయికతో ఎంతమంది పిల్లలకు జట్టులో చోటు పోతుంది? ప్రాక్టీసయ్యాక రాత్రి పూట వాళ్లను ఇంటికి చేర్చే బస్సు ఉందా?

సెలవు, నమస్కారం.