ఎపిసోడ్ 41: పుస్తకాల బండి తోలిందెవరు?

మాధవి: అందరికీ నమస్కారం. బాబాయ్, వినపడుతోందా? ఫ్యాను ఆపావా?

రమణ: ఆపాను తల్లీ. కిటికీ కూడా వేశాను.

మాధవి: బాగుంది. ఇవాళ అమెరికాలో నేనుండే మేరీలాండ్ రాష్ట్రంలోని వాషింగ్టన్ కౌంటీ గ్రంథాలయం గురించి. రాజధాని వాషింగ్టన్ కాదండీ, ఇది వేరే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దాని ముఖ్య పట్టణం హేగర్స్‌టౌన్, మా ఫ్రెడరిక్ నుంచి కారులో అరగంట. మొన్న శనివారం పిల్లల్ని తీసుకెళ్ళాను. మేరీలాండ్‌లో ఏ కౌంటీ కార్డయినా రాష్ట్రమంతా చెల్లుతుంది కాబట్టి మా ఊరి కార్డు మీదే అక్కడ పుస్తకాలు తెచ్చుకున్నాం. ఇప్పుడు అక్కడ జనానికి ఏమేం సేవలు అందుతున్నాయో చెబుతాను...

రమణ: డబ్బెక్కడిది వాళ్ళకి?

మాధవి: కౌంటీ ఇస్తుంది, రాష్ట్రం ఇస్తుంది.

రమణ: మనకీ గ్రంథాలయ సెస్ ఉంది కదా. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు...

మాధవి: బాబాయ్, సెస్ దగ్గరికి అప్పుడే వద్దు! నిమ్మకాయల ఎపిసోడ్‌లో కూడా సెస్ తెచ్చావు.

రమణ: తెస్తాను. ఆ 8 పైసల్లోంచే జిల్లా గ్రంథాలయ సంస్థ నడవాలి. సరే, నువ్వు చెప్పు.

మాధవి: ముందు పాత సంగతి చెబుతాను, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 1901లో హేగర్స్‌టౌన్‌లో ఈ గ్రంథాలయం తెరిచారు. లైబ్రేరియన్‌గా మేరీ టిట్‌కాంబ్ అనే ఆవిడ వచ్చింది. కౌంటీ నిండా పొలాలు. పట్నంలో ఉన్నవాళ్ళు వస్తున్నారు, పల్లెల వాళ్ళు రావట్లేదు. ఆవిడ చెక్క పెట్టెల్లో పుస్తకాలు సర్ది ఊళ్ళలోని అంగళ్ళకీ పోస్టాఫీసులకీ పంపించింది. 1904 కల్లా అలాంటి చోట్లు 66 అయ్యాయి.

రమణ: ఒక్కో పెట్టెలో ఎన్ని?

మాధవి: యాభై దాకా. అయినా ఆవిడకి తృప్తి లేదు. రోడ్డుకి దూరంగా ఉన్న ఇంట్లో ఇల్లాలు అంగడికి ఎప్పుడొస్తుంది? పుస్తకమే ఆ ఇంటి ముందుకు వెళ్ళాలంది. 1905 ఏప్రిల్‌లో బండి కట్టించింది. రెండు గుర్రాల బండి. అలమార్లు లోపల కాదు బాబాయ్, బయటి వైపున్నాయి. తలుపులు తెరిస్తే రెండు పక్కలా పుస్తకాల వరసలు కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఖాళీలో ఊళ్ళకి చేర్చాల్సిన పెట్టెలు. కిరాణా సామాను ఇళ్ళకి చేర్చే బండికీ, తగరపు గిన్నెలు అమ్మేవాళ్ళ బండికీ మధ్యగా ఉండేదట.

రమణ: ఎవరు తోలారు?

మాధవి: జాషువా థామస్ అని, ఆ గ్రంథాలయంలోనే ఊడ్చి తుడిచి చూసుకునే మనిషి.

రమణ: చూశావా! పగ్గాలూ ఆయనే పట్టాడు, పుస్తకాలూ ఆయనే ఇచ్చాడు. అవునా?

మాధవి: అవును.

రమణ: మరి ఇందాకట్నుంచీ ఆవిడ పేరే చెబుతున్నావు. అసలు బండి నడిపింది ఆయన.

మాధవి: ఆలోచన ఆవిడది బాబాయ్. బండికి వెయ్యి డాలర్లు. 1905లో ఒక ఆడమనిషి కమిటీ పెద్దల్ని కూర్చోబెట్టి ఒప్పించి అంత డబ్బు పెట్టించడం చిన్న విషయమా?

రమణ: కాదు. కానీ పల్లెల దారులు ఆవిడకి తెలుసా?

మాధవి: ఆయనకి తెలుసు. అక్కడే పుట్టి పెరిగాడు. కుర్రతనంలో ఇంటింటికీ తిరిగి వెన్న, గుడ్లు పోగుచేసేవాడు.

రమణ: అదీ! ఆ మనిషి ముఖం తెలుసు కాబట్టే జనం గడియ తీశారు.

మాధవి: అందరూ తియ్యలేదులే. ఒక రైతు దూరం నుంచే, ఇక్కడ ఆగక్కర్లేదు, శవాల బండితో మాకు పనిలేదని కేకేశాడు. నల్లటి బండి, మూసిన తలుపులు, రెండు గుర్రాలు... పాపం అలాగే అనిపించింది. వెంటనే చక్రాలకీ తలుపుల పలకలకీ ఎర్రరంగు వేయించారు.

రమణ: ఆ కేక ఎవరు విన్నారు? థామస్.

మాధవి: బాబాయ్, ఆవిడ పంపకపోతే ఆయన చీపురు పట్టుకుని ఊడ్చుకుంటూనే ఉండేవాడు కదా?

రమణ: ఆ మాట అనకమ్మా.

మాధవి: ...

రమణ: మా శాఖా గ్రంథాలయంలో అటెండరు ఉండేవాడు. నేను ఏడో తరగతి. సభ్యత్వానికి డిపాజిట్ కట్టడానికి మా దగ్గర డబ్బుల్లేవు. సాయంత్రం ఆరింటికి బీరువా తాళం వేస్తూ, ఆఖరి తలుపు కాస్త తెరిచి ఉంచేవాడు. నేనొక పుస్తకం తీసి చొక్కా లోపల పెట్టుకునేవాణ్ణి. రేపు పొద్దున్నే తెచ్చెయ్ అనేవాడు. అట్టలు చిరిగితే మైదా ఉడికించి ఆయనే అంటించేవాడు. ఇప్పటికీ ఆ జిగురు వాసన ముక్కుకి తగులుతుంది. నేను బడిపంతులునయ్యానంటే ఆయన చలవే. ఆయనకి ఏ సభలోనూ శాలువా కప్పలేదు.

మాధవి: తప్పయింది బాబాయ్. అలా అనాల్సింది కాదు.

రమణ: పర్లేదు. నీ తప్పు కాదు.

మాధవి: కానీ ఒక్కటి. ఆవిడ ఆ పగ్గాలు ఆయన చేతికే ఇచ్చింది చూడు. పుస్తకాలు ఇవ్వడానికి చదువుకున్నవాళ్ళే కావాలని పట్టుబట్టలేదు. అది కూడా ఆవిడ గొప్పే.

రమణ: ఊఁ. సరే, అది ఒప్పుకుంటాను. సగం.

మాధవి: ఈ సగం చాలు. మొదటి ఆరునెలల్లో 31 సార్లు తిరిగింది బండి, సారికి దాదాపు 30 మైళ్ళు. 1910లో రైలు దాటే చోట గూడ్సుబండి గుద్దేస్తే ముక్కలైపోయింది. రెండేళ్ళకి మోటారు బండి వచ్చింది. అమెరికాలో బుక్‌మొబైల్, అంటే ఊరూరా తిరిగే పుస్తకాల బండి, అనగానే చెప్పుకునే మొదటి బండి ఇదే.

రమణ: మనకి పడవ. 1935లో గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు మన గుంటూరు వైపు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పుస్తకాల పడవ నడిపించారు. రేవు రేవునా ఆగేది. ఆ కాలువ మీద ఎదురు ప్రవాహంలో పడవ వెళ్ళాలంటే గట్టు మీద మనిషి భుజానికి తాడు వేసుకుని లాగాలి. నా చిన్నప్పుడు ధాన్యం పడవలకి చూశాను, భుజం మీద ఆ తాడు ఒరుసుకున్న గుర్తు.

మాధవి: మళ్ళీ లాగేవాడి దగ్గరికే వచ్చావు.

రమణ: వస్తాను. పన్నూ అంతే. ఆ 8 పైసలు కట్టేది అందరూ. 1960 గ్రంథాలయాల చట్టం ఉంది, వసూలు ఉంది. వసూలు చేసినవాళ్ళు అది జిల్లా సంస్థకి వేళకి జమచేస్తే, కొత్త పుస్తకాలు కొంటారు, జీతాలిస్తారు, పొద్దున ఎనిమిదింటికి తలుపు తెరుచుకుంటుంది.

మాధవి: సరే, సేవల సంగతి గబగబా చెప్పేస్తాను. చిన్నపిల్లలకి కథల గంట, కంప్యూటర్లు, ఆ ప్రాంతం చరిత్రకి పాత పత్రికలతో విడిగా ఒక గది. బూన్స్‌బరో, హాన్‌కాక్, స్మిత్స్‌బర్గ్‌లలో శాఖలు. బుక్‌మొబైల్ ఇప్పటికీ తిరుగుతోంది.

రమణ: దాన్ని ఎవరు తోలుతున్నారు?

మాధవి: బాబాయ్!

రమణ: అడుగు ఈసారి వెళ్ళినప్పుడు. ఏ దారిన వెళ్తాడో, ఎవరింటి ముందు ఎంతసేపు ఆగుతాడో...

మాధవి: అడుగుతాను. ఆ చప్పుడేంటి?

రమణ: మోటారు వేసి మర్చిపోయాను, ట్యాంకు పొంగుతోంది. మీ పిన్ని కేకేస్తోంది, ఉండమ్మా...