మామిడితోటలో కొండ కెమెరా ఎలా పెట్టామంటే

నమస్కారం అండి. ఇప్పుడు మీ స్క్రీన్ మీద ఉన్న ఫొటో ఈ రోజు పొద్దున 6 గంటల 10 నిమిషాలది. రాత్రంతా వాన కురిసి అప్పుడే వెలిసింది. కొండ నడుముకు మబ్బు తువ్వాలు చుట్టుకున్నట్టుంది చూడండి. పైనున్న రాతి చరియ తోమిన రాగి చెంబులా మెరుస్తోంది. ఈ ఫొటో తీసినప్పుడు అక్కడ మనిషెవరూ లేరు. నెరబైలు దగ్గర మా మేనమామ మామిడితోటలో నిలబెట్టిన కెమెరా తీసి పంపింది.

తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా తలకోన పోయేవాళ్లకు ఈ ఊరు తెలిసే ఉంటుంది. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడ కట్టినట్టు ఉంటాయి. చిన్నప్పుడు వేసవి సెలవులకు పోయినప్పటి నుంచీ ఆ కొండను చూస్తున్నాను. తిరుపతిలో ఉద్యోగంలో పడ్డాక నెలకోసారి చూడటం కూడా గగనమైపోయింది. అందుకే ఈ కెమెరా.

చూసినవాళ్లు మొదట అడిగేది ఏ కంపెనీ కెమెరా అని. ఆ సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. స్తంభం సంగతి చెప్పడానికే ఎక్కువసేపు పడుతుంది.

మొదట నేను తోట గట్టు మీదున్న నేరేడు మానుకు కెమెరా బిగించాను. మాను లావుగా ఉంది, కదలదులే అనుకున్నాను. నెల రోజుల మధ్యాహ్నం ఫొటోలు వరసగా కలిపి చూస్తే కొండ గంగిరెద్దులా తల ఊపుతోంది! గాలికి మాను వెంట్రుకవాసి కదిలినా, అంత దూరాన ఉన్న కొండ ఫొటోలో బాగా పక్కకు జరిగిపోతుంది. ఈ పనికి ప్రాణం కెమెరా ఒకే చోటును ఒకేలా చూడటంలోనే ఉంది. జనవరిలో కొండ అంచు ఫొటోలో ఎక్కడుందో, వచ్చే జనవరిలోనూ సరిగ్గా అక్కడే ఉండాలి. అప్పుడే రుతువు మారడం కంటికి ఆనుతుంది.

అందుకని రెండంగుళాల జీఐ పైపు తెచ్చాం. మూడడుగుల గుంత తీసి కాంక్రీటు పోసి నిలబెట్టాం. మూడు వైపులా స్టే వైర్లు లాగి కట్టాం. ఇదిగో, ఈ ఫొటోలో కెమెరా క్లాంపు దగ్గర తెల్లటి పెయింటు గీత ఉంది చూడండి. సగం గీత క్లాంపు మీద, సగం పైపు మీద. కోతి ఎక్కి ఊపినా, గాలివాన వచ్చినా క్లాంపు ఏమాత్రం తిరిగితే ఆ గీత విరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు రెండు సగాలూ మళ్లీ కలిపి బిగించుకోవడమే. కోతుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, వైరును పైపు లోపల నుంచే తీయండి. బయట వేలాడిందంటే మన వైపు కోతులు ఒక్క పూట ఉండనివ్వవు.

గుంత తీస్తుంటే మామ పక్కన కూర్చుని అన్నాడు: "కొండ యాడికి పోతాదిరా నాయనా, దానికి కాపలా పెడతా ఉండావు?"

"కొండ పోదు మామా, దాని మీదికి వచ్చి పొయ్యేటివి చూడాల" అన్నాను.

ఇక కెమెరా. మామూలు సీసీ కెమెరానే. వాన, దుమ్ము తట్టుకోవడానికి దాని మీద ఐపీ 66 గానీ 67 గానీ ఉండాలి. కానీ లెన్సు చూసుకుని కొనండి. షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది 2.8 మిల్లీమీటర్ల లెన్సు. గేటూ వాకిలీ మొత్తం పట్టడానికి అది బాగుంటుంది. కొండకు పెడితే ఫొటో నిండా ఆకాశం, పొలం, మధ్యలో కొండ ఒక గీతలా మిగులుతుంది. నేను 12 మిల్లీమీటర్లది పెట్టాక కొండ దగ్గరికొచ్చింది. సెట్టింగుల్లో వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. డేలైట్‌లో పెట్టి అలాగే ఉంచండి. లేకపోతే ఒక ఫొటోలో కొండ నీలం, ఇంకో దాంట్లో పసుపు.

దిక్కు విషయంలో మాకు కలిసొచ్చింది. కెమెరా ఉత్తరం వైపు చూస్తుంది కాబట్టి ఏడాదిలో చాలా నెలలు సూర్యుడు దాని వెనకే ఉంటాడు. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మన తిరుపతిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అయినా అంత ఎత్తులో ఉంటాడు కాబట్టి లెన్సులో పడడు. ఈశాన్యానికో వాయవ్యానికో తిప్పారంటే మాత్రం జూన్‌లో ఉదయమో సాయంత్రమో ఎండ నేరుగా లెన్సులోకి కొడుతుంది.

కరెంటు దగ్గర కొంచెం లెక్క చూడాలి. బోరు మోటారుకు వచ్చే లైను ఉంది గానీ, రోజంతా ఉండదు. పైగా మోటారు ఆన్ చేసినప్పుడల్లా వోల్టేజీ ఊగుతుంది. అందుకే సోలార్. కెమెరాకు 5 వాట్లు, సిమ్ వేసే రౌటరుకు 5 వాట్లు, కలిపి 10. రోజంతా నడిపితే 240 వాట్ అవర్లు. నేను మొదట అలాగే రాత్రీ పగలూ నడిపాను.

అప్పుడే ఒక విషయం గమనించాను. ఈ కెమెరాల్లో చీకట్లో చూడటానికి లెన్సు చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉంటాయి. ఆ వెలుగు పట్టుమని యాభై మీటర్లు పోతే గొప్ప, కొండ దాకా ఎక్కడ పోతుంది? కానీ లైటు చుట్టూ పురుగులు మూగుతాయి. వాటి కోసం సాలీడు వస్తుంది. తెల్లారి చూస్తే లెన్సు ముందు గూడు, దాని పోగుల మీద మంచు బొట్లు, మధ్యలో బఠానీ గింజంత సాలీడు. దాని వెనక ఎక్కడో కొండ. గుడ్డతో తుడిస్తే మర్నాటికి మళ్లీ గూడు కట్టేది.

చివరికి టైమరు పెట్టి ఉదయం 5 నుంచి రాత్రి 7 దాకా మాత్రమే నడిచేలా చేశాను. సాలీడు బెడద తగ్గింది. ఖర్చూ రోజుకు 140 వాట్ అవర్లకు దిగింది. 12.8 వోల్టుల, 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 వాట్ అవర్లు ఉంటుంది. అంటే నాలుగు రోజులు ఎండ లేకున్నా గడిచిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలప్పుడు మన వైపు ముసురు పడితే ఆ నాలుగు రోజులూ కావాలి. 100 వాట్ల ప్యానెల్ మోటారు షెడ్డు మీద దక్షిణం వైపు వాల్చి పెట్టాం. బ్యాటరీ మాత్రం షెడ్డు లోపల నీడలో ఉంది. మే నెల ఎండలో రేకు పెట్టెలో పెడితే అది త్వరగా పాడవుతుంది. పిడుగుల నుంచి కాపాడటానికి ఎర్తింగు, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టరు రెండూ ఉండాలి.

లైవ్ ఎందుకు పెట్టలేదు అంటారేమో. 2 ఎంబీపీఎస్‌తో లైవ్ ఇస్తే గంటకు 0.9 జీబీ, 14 గంటలకు 12 జీబీ దాటుతుంది. సిమ్ డేటా ఏ మూలకూ రాదు. అదే 5 నిమిషాలకు ఒక ఫొటో అయితే రోజుకు 168 ఫొటోలు, ఒక్కోటి ఒక ఎంబీ అనుకున్నా 170 ఎంబీ లోపే. కొండ లాంటి దానికి ఇదే సరైన వేగమని నా నమ్మకం. ఇంకో మాట, మామూలు సిమ్ నెట్‌లో బయటి నుంచి మనం కెమెరాను పిలవలేం. అందుకని ఎఫ్‌టీపీ (నెట్‌లో ఫైళ్లు పంపే పద్ధతి) ద్వారా కెమెరానే ఫొటోను సర్వర్‌కు పంపేలా పెట్టుకోండి.

ఇదంతా సొంత పొలంలో. అడవి లోపల పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. సొంత పొలం నుంచైనా కాలిబాటలు, చెట్ల గుంపులు దగ్గరగా కనిపించేలా జూమ్ చేయకండి. ఇవి ఎర్రచందనం కొండలు. ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దొంగలకు మన కెమెరా దారి చూపకూడదు. నా ఫ్రేములో కొండ పైసగం, ఆకాశం తప్ప ఏమీ ఉండవు.

ఫొటోలు ఇప్పుడు నాకంటే ఎక్కువగా చూసేది మా అత్త. మనవడి బడి కోసం తిరుపతిలో కూతురి దగ్గర ఉంటోంది. పొయ్యి మీద పాలు పెట్టి ఫోను తెరుస్తుంది. మొన్న వేసవిలో ఒక సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. ఫొటో చూసి వెంటనే మామకు ఫోను చేసింది. మామ షెడ్డులో కునుకు తీస్తున్నాడట.

"అదో, కొండ నెత్తిన మబ్బు దిగతా ఉండాది. కళ్లంలో చింతపండు లోపలికి ఎత్తు, బిరిన్నే" అంది.

తరువాతి ఫొటోలో కొండ లేదు. అంతా తెల్లటి వాన.