లైన్ తీసేసి కొత్తది వేస్తే పోలా?

టీపీఎన్ (పోషకాలన్నీ నేరుగా రక్తంలోకి ఎక్కించే పద్ధతి) మీద ఉన్న పిల్లలకి లైన్ (అవి ఎక్కించే ట్యూబ్) ఇన్ఫెక్షన్ అనగానే చుట్టాలు, ఒక్కోసారి ఆస్పత్రి సిబ్బంది కూడా అనే మాట: "ఆ ట్యూబ్ తీసేసి కొత్తది వేస్తే పోలా?" విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. చేతికి పెట్టే సెలైన్ సూదైతే అలాగే చేస్తాం. కానీ పేగు చాలావరకు తీసేసిన పిల్లలకి తిండీ నీళ్లూ ఈ లైనే.

(తెర మీద: సిరల బొమ్మ)

దీని కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది. లైన్ వేయడానికి మామూలుగా వాడే చోట్లు ఎన్నో చూడండి. మెడలో రెండు, కాలర్ ఎముకల కింద రెండు, గజ్జల్లో రెండు. అంతే! తీసి మళ్లీ కొత్తది వేసిన కొద్దీ సిరలో గడ్డకట్టి మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. అన్నీ మూసుకుపోతే మాట పేగు మార్పిడి దాకా వెళ్తుంది. అందుకే డాక్టర్లు వీలైనంతవరకు లైన్‌ని కాపాడాలని చూస్తారు.

మరి యాంటీబయాటిక్‌తో తగ్గిన జ్వరం మళ్లీ ఎందుకొస్తుంది? నీళ్ల తొట్టిలో పాచి చూశారు కదా. పాత నీళ్లు వదిలేసి కొత్తవి నింపితే తేటగానే ఉంటాయి. గోడ మీద చెయ్యి పెడితే మాత్రం జారుతుంది. లైన్ లోపల కూడా క్రిములు అలాగే జిగురు పొర కట్టుకుంటాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. రక్తంలో తిరిగే క్రిముల్ని మందు చంపేస్తుంది, పాచిలో దాక్కున్నవి బతికిపోతాయి.

తొట్టినైతే బ్రష్‌తో రుద్దుతాం. ఇంత సన్నని గొట్టాన్ని రుద్దలేం, నానబెట్టాలి. లాక్ థెరపీ అంటే అదే. మందుని మామూలు కన్నా ఎన్నో రెట్లు గాఢంగా కలిపి, గొట్టంలో పట్టేంతే నింపి, క్లాంప్ వేసి గంటల తరబడి వదిలేస్తారు. నానినంతసేపూ అందులోంచి ఇంకేదీ ఎక్కించకూడదు. రాత్రి 12 గంటలే టీపీఎన్ నడిచే పిల్లలకి పగలు ఖాళీ దొరుకుతుంది. రోజంతా నడిచే పసివాళ్లకి దొరకదు. అసలు చిక్కు అక్కడే, దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. లాక్ వేశాం కదా అని రక్తంలోకి ఇచ్చే యాంటీబయాటిక్ ఆపకూడదు, రెండూ సాగాలి.

కొన్ని పాచిలు నానబెట్టినా వదలవు. కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో, కాండిడా ఫంగస్ వస్తే లైన్ తీయాల్సిందే. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా అయినా చాలాసార్లు తీస్తారు. బీపీ పడిపోతున్నా, చర్మం కింద లైన్ వెళ్లే దారి వెంట చీము పట్టినా, సరైన మందు 72 గంటలు ఇచ్చాక కూడా కల్చర్ పాజిటివ్ వస్తున్నా లైన్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇంట్లో దీన్ని ఎలా గుర్తుపట్టాలి? సాయంత్రం లైన్ కలిపారు. అరగంట తిరక్కుండానే పాప పళ్లు టకటకలాడిస్తూ వణుకుతోంది, గోళ్లు నీలంగా మారాయి. పాచి కదిలి రక్తంలో పడిందేమోనని వెంటనే అనుమానించాలి. ట్యూబ్ బయటికొచ్చే చోట చర్మం శుభ్రంగా ఉందిలే అని ఊరుకోకండి, లోపలి పాచి బయటికి కనిపించదు. జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్, తాకితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. తిన్నగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. మందుకి ముందే లైన్‌లోని ప్రతి ల్యూమెన్ (లోపలి దారి) నుంచీ, వీలైతే చేతి సిర నుంచీ కల్చర్ తీయాలి. లైన్ నుంచి తీసిన రక్తం బాటిల్‌లో క్రిములు చేతి రక్తం బాటిల్ కన్నా 2 గంటలో అంతకన్నా ఎక్కువో ముందు పెరిగితే, మూలం లైనేనని బలమైన ఆధారం. కల్చర్ తీశాక రిపోర్ట్ కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. టీపీఎన్ ఆపితే గ్లూకోజ్ డ్రిప్ పెట్టమని అడగండి, చిన్నపిల్లలకి షుగర్ ఇట్టే పడిపోతుంది. రోజూ హబ్‌ని (ట్యూబ్ బయటి కొసన కలిపే చోటు) ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, పూర్తిగా ఆరాకే కలపండి. ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వస్తుంటే టౌరోలిడిన్ (క్రిములు చేరకుండా లైన్‌లో నింపి ఉంచే మందు) లాక్ గురించి మీ డాక్టర్ని అడగండి. ఇథనాల్ లాక్ అంటే మాత్రం మీ లైన్ సిలికానా, పాలీయురేథేనా అని ముందే కనుక్కోండి, పాలీయురేథేన్ అయితే ఇథనాల్‌కి పాడయ్యే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్‌తో ఇథనాల్‌ని అసలు కలవనివ్వకూడదు.