అలబామాలో లాటరీ, పెళ్లి, కుటుంబ సంఘాల రాజకీయం

సభకు నమస్కారం.

అమెరికాలో కుటుంబ విలువల కోసం పనిచేసే సంప్రదాయవాద సంఘాలనగానే మనం వాషింగ్టన్ వైపు చూస్తాం గాని, వాటి పట్టు ఎక్కువగా రాష్ట్ర రాజధానుల్లో కనిపిస్తుంది. జూదాన్ని అనుమతించాలా వద్దా, పెళ్లికీ విడాకులకూ నియమాలేమిటి అన్నవి అక్కడ ప్రధానంగా రాష్ట్రాలు తేల్చుకునే విషయాలు. అందుకే ఈ రోజు అలబామా మీదే ఎక్కువగా మాట్లాడతాను.

1901 నాటి అలబామా రాజ్యాంగం లాటరీలను నిషేధించింది. 1998లో డాన్ సీగల్‌మన్ లాటరీ పెడతానని, ఆ రాబడితో పిల్లల కాలేజీ చదువులకు స్కాలర్‌షిప్పులు ఇస్తానని చెప్పి గవర్నరుగా గెలిచారు. పొరుగున ఉన్న జార్జియా అప్పటికే ఆ పని చేస్తోంది. మొదట్లో జనం మొగ్గు కూడా అటే ఉంది. తర్వాత చర్చిలు, కుటుంబ సంఘాలు ఊరూరా కదిలాయి. 1999 అక్టోబరు 12న ఓటర్లలో దాదాపు 54 శాతం మంది లాటరీ వద్దన్నారు.

పాపం అన్న మాట ఆ ప్రచారంలో గట్టిగానే వినిపించింది. నాకు మాత్రం వాళ్ల ఇంకో వాదన మరింత బలమైనదిగా తోస్తుంది. జూదశాల ప్రైవేటు వ్యక్తిదైతే ప్రభుత్వం దాని మీద నిఘా పెట్టగలదు. టికెట్లు అమ్మేది ప్రభుత్వమే అయినప్పుడు, ప్రజలు ఎంత పోగొట్టుకుంటే ఖజానాకు అంత లాభం కనుక, ఆ పోగొట్టుకోవడాన్ని ప్రోత్సహించే ప్రకటనలు కూడా ప్రభుత్వమే ఇవ్వాల్సి వస్తుంది. చాలీచాలని సంపాదన ఉన్న ఇంట్లో అద్దెకూ సరుకులకూ పోవలసిన డబ్బు అలా ఖర్చవుతుంటే దాన్ని స్వచ్ఛందంగా కట్టే పన్ను అనడం నాకు న్యాయంగా అనిపించదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఎవరూ ఏ మతానికీ చెందనక్కర్లేదు.

ఇంత మంచి వాదనకు మచ్చ తెచ్చింది డబ్బే. పొరుగున మిసిసిపీలో చాక్టా అనే అమెరికా ఆదివాసీ తెగవారికి కాసినోలున్నాయి. అలబామాలో జూదం పెరిగితే వాళ్ల వ్యాపారానికి పోటీ వస్తుంది. వారి తరఫున పనిచేసిన లాబీయిస్టు జాక్ అబ్రమాఫ్, క్రైస్తవ ఉద్యమ నాయకుడు రాల్ఫ్ రీడ్‌ను ఈ పనికి పెట్టుకున్నారు. తెగవారి సొమ్ము పది లక్షల డాలర్లకు పైగా మధ్యలో వేరే సంస్థల ఖాతాల గుండా సాగి, లాటరీనీ ఇతర జూదాన్నీ వ్యతిరేకించే ప్రచారాలకు చేరిందని అమెరికా సెనేట్ కమిటీ విచారణలో 2006లో తేలింది. జూదం రాబడి తమకు వద్దని నియమం పెట్టుకున్న క్రిస్టియన్ కొయెలిషన్ అలబామా శాఖకూ అందులో వాటా ముట్టింది. అది జూదం సొమ్ము కాదని తమకు హామీ ఇచ్చారని రీడ్, ఆ శాఖ నాయకులు చెప్పుకున్నారు. ఆ ఏడాదే జార్జియా లెఫ్టినెంట్ గవర్నరు పదవికి జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో రీడ్ ఓడిపోయారు. నమ్మి ఓటేసిన మామూలు భక్తులను నేను తప్పుపట్టను. వాళ్లకు అన్యాయం జరిగిందనే అంటాను.

పెళ్లి విషయంలో ఈ సంఘాలతో నాకు భేదాభిప్రాయం ఉంది. 2006లో వివాహమంటే స్త్రీ పురుషుల మధ్యనే అన్న రాజ్యాంగ సవరణను అలబామా ఓటర్లు 81 శాతం మెజారిటీతో ఆమోదించారు. 2015లో స్వలింగ వివాహాలను దేశమంతటా చెల్లుబాటు చేసిన సుప్రీంకోర్టు తీర్పుతో అది చెల్లకుండా పోయింది. అయినా కొన్ని కౌంటీల్లో పెళ్లి లైసెన్సులు ఇచ్చే ప్రొబేట్ జడ్జీలు ఎవరికీ లైసెన్సు ఇవ్వకుండా ఊరుకున్నారు. చివరికి 2019లో శాసనసభ లైసెన్సు పద్ధతినే ఎత్తేసింది. ఇప్పుడక్కడ జంట ఒక ఫారం నింపి, నోటరీ ఎదుట సంతకాలు చేసి, ముప్పై రోజుల్లో ప్రొబేట్ కోర్టులో దాఖలు చేస్తే చాలు. జడ్జి సంతకం అక్కర్లేదు, వేడుకా తప్పనిసరి కాదు. వివాహాన్ని కాపాడతామని మొదలైన పోరాటం దాన్ని దస్తావేజు రిజిస్ట్రేషన్ స్థాయికి దించింది. లూసియానా 1997లో తెచ్చిన ‘కవనెంట్ మ్యారేజ్’ చట్టం నాకు వీటన్నిటికంటే నిజాయితీగా కనిపిస్తుంది. ఇష్టపడిన జంట ముందుగా కౌన్సెలింగ్ తీసుకుని, విడాకులకు కఠినమైన షరతులను తామే ఒప్పుకుంటుంది. ఇతరుల పెళ్లి జోలికి పోదు. ఎంచుకున్నవారు మాత్రం అతి కొద్దిమంది.

జూదం మీద పోరు ఇంకా ముగియలేదు. అలబామా చుట్టూ ఉన్న నాలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు లాటరీ ఉంది. హంట్స్‌విల్‌కు ఉత్తరాన ఆర్డ్‌మోర్ ఊరు టెనెసీ సరిహద్దు మీదే ఉంది. రోడ్డు దాటితే టికెట్ దొరుకుతుంది. 2018లో సుప్రీంకోర్టు క్రీడా పందేల నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలాక, అనేక రాష్ట్రాల్లో పందెం ఫోన్‌లోకే వచ్చేసింది. 2024లో లాటరీ సవరణకు అలబామా సెనేట్‌లో 21 ఓట్లు కావలసి ఉండగా 20 పడ్డాయి. ఒక్క ఓటుతో ఆగిన బిల్లు మళ్లీ రాకమానదు. అప్పుడు ఈ సంఘాలు ప్రచారానికి దిగే ముందే తమకు వచ్చే ప్రతి డాలరు ఎవరిదో, ఏ చేతుల మీదుగా వచ్చిందో ప్రజల ముందు పెట్టాలని నేను కోరుతున్నాను.