మిన్స్క్‌లో లిథువేనియా ఎంబసీని ఎందుకు మూయలేదు?

బెలారస్ గురించి ఎప్పుడు మాట్లాడినా నన్ను ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "లుకషెంకో అసలు అధ్యక్షుడే కాదని లిథువేనియా అంది కదా, మరి బెలారస్ రాజధాని మిన్స్క్‌లో ఎంబసీ ఎందుకు పెట్టుకుంది? రెండు నాల్కల ధోరణి కాదా?" కాదండీ. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో లిథువేనియా చేసిన మంచి పని అదే.

ఇలా చూడండి. మీ ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఉంది, గోడలో చిన్న గేటు ఉంది. పక్కింటి పెద్ద తన ఇంట్లోవాళ్లనే కొడుతున్నాడు. మీరు అతనితో మాటలు మానేస్తారు, శుభకార్యాలకు పిలవరు. కానీ ఆ గేటుకి తాళం వేస్తారా? వేస్తే దెబ్బలు తిన్నవాళ్లు ఏ దారిన వస్తారు?

[మ్యాప్: విల్నియస్ నుంచి బెలారస్ సరిహద్దు]

లిథువేనియా రాజధాని విల్నియస్‌కీ ఆ సరిహద్దుకీ మధ్య దూరం 30 కిలోమీటర్లు. అందుకే అక్కడ జరిగేది వీళ్లకి పరాయి దేశపు వార్తలా అనిపించదు. 2020 ఆగస్టు 9న బెలారస్‌లో ఎన్నికలు జరిగాయి. 1994 నుంచి కుర్చీలో ఉన్న లుకషెంకోకే 80 శాతం ఓట్లొచ్చాయని ప్రకటించారు. జనం రోడ్డెక్కారు, వేలమందిని లోపలేశారు. జైల్లో ఉన్న భర్త బదులు పోటీ చేసిన స్వెత్లానా సిఖనోవ్‌స్కాయా ఫిర్యాదు ఇవ్వడానికి ఎన్నికల సంఘానికి వెళ్తే ఆమెను అక్కడే గంటల తరబడి ఆపేశారు. ఆగస్టు 11కల్లా ఆమె లిథువేనియాలో ఉన్నారు. ఆమె వచ్చింది ఆ గేటులోంచే.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. లిథువేనియా ఒకేసారి రెండు పనులు చేసింది. మొదటిది, ఆ మనిషితో తెగతెంపులు. ఆగస్టు 31న లాట్వియా, ఎస్టోనియాలతో కలిసి లుకషెంకోతో సహా 30 మంది తమ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధించింది. యూరోపియన్ యూనియన్ అప్పటికింకా మీటింగుల్లోనే ఉంది. టర్కీతో తనకున్న గొడవ తేలేదాకా ఒప్పుకోనని సైప్రస్ పట్టుబట్టడంతో యూనియన్ తొలి జాబితా అక్టోబరు 2 దాకా రాలేదు. వచ్చినా అందులో లుకషెంకో పేరు లేదు, నవంబరులో చేర్చారు. చిన్న దేశం ముందు నడిస్తే పెద్దవాళ్లు వెనక వచ్చారు. ఇది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

రెండో పని, గేటు తెరిచి ఉంచడం. హింస తప్పించుకుని వచ్చేవాళ్లకి మానవతా కారణాలతో ప్రవేశం సులువు చేసింది. ఆ కాగితాలు ఎవరో ఒకరు చూడాలి కదా! మీ రాయబారిని వెనక్కి పిలుచుకోండి, సిబ్బందిని 25 నుంచి 14కి తగ్గించండి అని మిన్స్క్ పట్టుబట్టినా లిథువేనియా ఎంబసీని మాత్రం మూయలేదు. అసలు ఈ గేటు కొత్తదీ కాదు. 2004లో మిన్స్క్‌లో మూయించేసిన యూరోపియన్ హ్యుమానిటీస్ యూనివర్సిటీ 2005లో విల్నియస్‌లోనే మళ్లీ మొదలైంది.

ఇంకో అపోహ. సిఖనోవ్‌స్కాయాని అధ్యక్షురాలిగా కూర్చోబెట్టారని కొందరంటారు. లిథువేనియా పార్లమెంటు ఆమెను ప్రజలు ఎన్నుకున్న నాయకురాలని తీర్మానం చేసింది, 2021 జులైలో ఆమె కార్యాలయానికి అధికారిక హోదా ఇచ్చారు. అంతే, దాన్ని ఎంబసీ అనలేదు. గేటు దాటి వచ్చిన ఆడపడుచుకి మన ఇంట్లో గది ఇచ్చాం కానీ పక్కింటి పట్టా ఆమె పేరున రాయలేం కదా.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. 2021 మే 23న ఏథెన్స్ నుంచి విల్నియస్ వెళ్తున్న విమానాన్ని మిన్స్క్‌లో దించి, జర్నలిస్టు రామన్ ప్రతాసెవిచ్‌ని అరెస్టు చేశారు. ఆ ఏడాదే ఇరాక్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్లను సరిహద్దు వైపు తోలారు. పక్కింటాయన అదే గేటుని మన మీదకి ఆయుధంగా తిప్పాడన్నమాట. లిథువేనియా కంచె కట్టింది, ఆశ్రయం అడిగినవాళ్లను వెనక్కి నెట్టింది. ఆ నెట్టడం తప్పని నా అభిప్రాయం, వాళ్లు లుకషెంకో మనుషులు కారు. 2022 ఫిబ్రవరిలో లిథువేనియా బెలారస్ నుంచి వచ్చే పొటాష్ ఎరువుల రైళ్లు ఆపేసింది. తన క్లైపెడా రేవుకి ఆదాయం పోతుందని తెలిసే ఆపింది. సరుకుకి దారి మూసినా మనుషులకి దారి ఉంచింది. 2025 జూన్‌లో అమెరికా మధ్యవర్తిత్వంతో విడుదలైన 14 మంది ఖైదీలు, వాళ్లలో సిఖనోవ్‌స్కాయా భర్త కూడా, వచ్చింది లిథువేనియాకే.