“అది” అనకండి, పేరు చెప్పండి

అధ్యక్షులకూ తోటి పెన్షనర్లకూ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే భోజనాల వేళ దాటిపోతుంది. అసలు భోజనాల ముందు ఎత్తే విషయం కాదు నాది, క్షమించాలి.

ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు మలపరీక్షలు చేశాను. అగ్గిపెట్టెలో పెట్టి, పేపరు చుట్టి, “అది తెచ్చానండి” అనేవారే గానీ పేరు పలికినవారు లేరు. పెళ్లిళ్లలో మా బావగారు “ల్యాబులో పని” అని పరిచయం చేసి, ఏ పరీక్షలో అడిగేలోపే మాట మార్చేసేవారు. ఆ “అది” ఇప్పుడు మందైంది బావగారూ!

సి. డిఫిసిల్ అని ఒక బ్యాక్టీరియా. యాంటీబయాటిక్స్‌తో పేగుల్లోని మంచి సూక్ష్మజీవులూ పోతే, ఖాళీ ఇంట్లో ఇది కాపురం పెడుతుంది. నీళ్ల విరేచనాలు, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. మందులతో తగ్గినా కొందరికి మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది.

ఇంట్లో పెరుగు తోడు లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లమూ? ఇదీ అంతే. ఆరోగ్యవంతుడి మలాన్ని పరీక్షించి, సెలైన్‌లో కలిపి, వడకట్టి, గొట్టంతో రోగి పేగుల్లోకి పంపుతారు. ముక్కు మూసుకోకమ్మా, వాసన ఇంకా ఇక్కడిదాకా రాలేదు.

1958లోనే అమెరికాలోని డెన్వర్‌లో ఐస్‌మన్ అనే సర్జన్ నలుగురికి ఎనిమాగా ఇచ్చి నయం చేశారు. 2013లో వెలువడిన ఆమ్‌స్టర్‌డామ్ ప్రయోగంలో ఇలా మలం ఎక్కించిన 16 మందిలో 13 మందికి ఒక్క మోతాదుతో తగ్గింది, మరో ఇద్దరికి రెండోసారి ఇస్తే తగ్గింది. వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే వాడిన 13 మందిలో తగ్గింది నలుగురికే. 2023లో అమెరికా మలం నుంచి తయారుచేసి క్యాప్సూళ్లుగా మింగే మందుకూ అనుమతిచ్చింది.

ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి. 2019లో అమెరికాలో దాత మలంలో మందులకు లొంగని ఈ. కోలి అనే మొండి బ్యాక్టీరియా ఉందని చూడక ఎక్కించారు, ఒకరు పోయారు. చూడాల్సింది ఎవరు? నాలాంటి ల్యాబువాడే!

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, మా పిన్ని సంగతి చెబుతాను. మోకాలి ఆపరేషనయ్యాక యాంటీబయాటిక్స్ వాడింది. ఎనిమిది రోజులు రోజుకు పదిసార్లు దొడ్డికి వెళ్లింది. డాక్టరు అడిగితే “కాస్త నలతగా ఉంది బాబూ” అంది. మగవాడికి ఎలా చెప్పడమని సిగ్గు. ఆయనా గుచ్చి అడగలేదు. పిన్ని దక్కలేదు. జబ్బు ఇదేనో కాదో నాకు తెలీదు. ముప్పై ఏళ్లు ఊరందరివీ పరీక్షించాను, పిన్నిది మాత్రం నా బల్ల మీదికి రాలేదు.

అమ్మా, మీకు దండం పెడతాను. యాంటీబయాటిక్ వాడాక మూడు నాలుగుసార్లు నీళ్లలా అయితే, “విరేచనాలు” అని నోరు తెరిచి చెప్పండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, సరే. భోజనాలకు వెళ్లేదారిలో కుళాయి దగ్గర సబ్బు ఉంది. శానిటైజర్‌కి ఈ సి. డిఫిసిల్ విత్తనాల్లాంటి స్పోర్లు చావవు. అందుకే పొద్దున్నే నేనే కొని పెట్టించాను.